మా ఊరి అప్రసిద్ధత

మా ఊరు ఎవరికీ తెలియదన్న సంగతి ప్రభుత్వానికి తెలిసిపోయింది.

అది ఏప్రిల్ నెల. పదో తరగతి పరీక్షలు అయిపోయి, నేను వాకిట్లో కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతున్నాను. ఒక జీపు వచ్చి మా ఇసుక దారిలో దిగబడింది. అందులోంచి దిగినాయన తొయ్యమని ఎవరినీ అడగలేదు. బూట్లు చేత్తో పట్టుకుని సముద్రం దాకా నడిచి వెళ్ళి, కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. మొగలి పొదలు, ఇసుక, ఎర్ర పీతలు. హోటలు లేదు, సిమెంటు బెంచీ లేదు, ఐస్‌క్రీం బండి లేదు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అద్భుతం! ఇక్కడ ఏమీ లేదు," అన్నారు.

మా నాన్నమ్మ గురమ్మ అక్కడే కూర్చుని చిరిగిన వల కుడుతోంది.

"ఏటీ లేదనే గదా బావూ ఇరవై ఏళ్ళై మొత్తుకుంటన్నాం. కుళాయి లేదు, తారు రోడ్డు లేదు. ఇన్నాళ్ళకి సూడ్డానికి వొచ్చినారా?" అంది.

ఆయన పేరు విరూపాక్షరావు గారు. నిదాన తీర పర్యాటక ప్రాజెక్టుకి అధికారి. ఆ సాయంత్రం స్కూలు వరండాలో ఊరందరినీ కూర్చోబెట్టి ఉపన్యసించారు.

"సోదరీ సోదరులారా! ప్రసిద్ధ తీరములన్నియు పాడైపోయినవి. జనులు పరుగున వచ్చి, ఫొటోలు దిగి, సీసాలు పారవేసి, పరుగున పోవుచున్నారు. అందుచేత నిదాన పర్యాటకమును ప్రవేశపెట్టితిమి. ఇందులో పర్యాటకుడు నెమ్మదిగా వచ్చును. ఎక్కువ రోజులుండును. మీ వంట తినును. చెత్త తన సంచిలో తానే వేసుకుని పోవును. దీనికి గ్రామమునకు ఉండవలసిన అర్హత ఒక్కటే. అది ఎవరికీ తెలియని గ్రామమై ఉండవలెను. ఆ అర్హత మొగలిదిబ్బకు పుష్కలముగా కలదు."

అందరం చప్పట్లు కొట్టాం. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ నాకు కనిపించలేదు. పక్క మండలంలో పేరున్న బీచికి ఒకసారి స్కూలు నుంచి తీసుకెళ్ళారు. అక్కడ నేను సముద్రం కన్నా చిప్స్ పొట్లాలు ఎక్కువ చూశాను.

మా ఊరికి 'అంతగా తెలియని తీరం, ప్రథమ శ్రేణి' అని హోదా ఇచ్చారు. ఆ హోదా ఆరు నెలలు నిలబడితే కుళాయిలు వేస్తామన్నారు. హోదా పోతే కుళాయీ లేదు.

"ఎవులికీ తెలీకుండా ఉండడవేటి, పుట్టిన కాడ్నుంచీ అదే పని గదా మాకు," అంది నాన్నమ్మ. అందరూ నవ్వారు. ఆ పని ఎంత కష్టమో అప్పటికి మాకు తెలియదు.

నా పేరు హేమావతి. నాకు కావలసింది కుళాయి కాదు. జూన్ మొదటివారంలో పోస్టులో ఒక కాగితం వచ్చింది. మత్స్యకార గ్రామాల ఆడపిల్లల కోసం పెట్టిన గురుకుల జూనియర్ కాలేజీలో నాకు బైపీసీ సీటు వచ్చిందని. నాలుగు పత్రాలు పట్టుకుని ఇరవై అయిదో తేదీ సాయంత్రం అయిదు గంటల్లోపు రావాలి. మూడు పత్రాలు నా దగ్గరున్నాయి. నాలుగోది నివాస ధ్రువపత్రం. అది లేకపోతే సీటు జాబితాలో తరవాతి అమ్మాయికి వెళ్తుంది. నేను ఇక పొద్దున్నే అయిదింటికి రొయ్యలు ఒలిచే షెడ్డు వ్యాను ఎక్కాల్సిందే. మా వీధిలో నాకన్నా పెద్దవాళ్ళు ఆరుగురు ఆ వ్యానే ఎక్కుతున్నారు. ఐసులో నాని వాళ్ళ వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి.

నాన్న గుజరాత్‌లో వేట బోట్ల మీద పనిలో ఉన్నాడు. ఫోనులో, "కాయితాలు జాగర్తే అమ్మీ," అని మాత్రం అన్నాడు.

ఈ కాగితం రాకముందు నుంచే ఇక్కడ ప్రాజెక్టు ముందుకు సాగుతోంది. ఊరు ఎవరికీ తెలియదని రుజువు కావాలి కదా. పదిహేను రోజులకోసారి టౌను బస్టాండులో వందమందిని ఆపి, "మొగలిదిబ్బ మీకు తెలుసా?" అని అడుగుతారు. ఆరు నెలలయ్యేసరికి తెలుసన్నవాళ్ళ లెక్క పదికి దిగకపోతే హోదా పోతుంది.

మొదటిసారి అడిగితే నలభై మూడుమంది తెలుసన్నారు.

విరూపాక్షరావు గారు ఎండలో నడుచుకుంటూ మా ఇంటికే వచ్చారు. విచారణ చేయించి అసలు కారణం కనిపెట్టారట. కారణం మా అమ్మ.

మా వైపు చేపలమ్మే ఆడవాళ్ళు చేప పేరు పెట్టి కేక వెయ్యరు. చేప ఏదో గంపలోకి చూస్తే తెలుస్తుంది. ఏ రేవులో దిగిందో చూస్తే తెలియదు. అందుకని రేవు పేరు పెట్టి అరుస్తారు. మా అమ్మ దానమ్మ పద్దెనిమిదేళ్ళుగా టౌను వీధుల్లో, "మొగలిదిబ్బోయ్! మొగలిదిబ్బ!" అని అరుస్తోంది. ఆ కేకకి తలుపులు తెరుచుకుంటాయి. మా రేవు ఇసుక రేవు, చేపలో బురద వాసన ఉండదు. అది టౌనులో అందరికీ తెలుసు.

"దానమ్మ గారూ, మీ కంఠము వలన గ్రామ అప్రసిద్ధతకు గండి పడుచున్నది," అన్నారు ఆయన.

"నా గొంతు వల్ల గండేటి బాబూ? సేపలమ్ముకుంటన్నాను."

"అమ్ముకొనుడు. పేరు మాత్రము ఉచ్చరింపకుడు. కుళాయి వద్దా?"

అమ్మ నా వైపు చూసింది. రోజూ కిలోమీటరు దూరం నుంచి నీళ్ళు మోసేది నేనే. సరేనంది.

మర్నాడు అమ్మతో టౌనుకి నేనూ వెళ్ళాను. ఎప్పుడూ తెరుచుకునే తలుపులు ఒక్కటీ తెరుచుకోలేదు. అమ్మ గొంతు సవరించుకుని, "ఓ ఊరి సేపలోయ్! ఓ ఊరి సేపలు!" అంది.

మేడ మీంచి ఒకావిడ తొంగిచూసింది. "ఏ ఊరివి దానమ్మా?"

"సెప్పకూడదమ్మా."

"అదేవిటి! నిన్నటిదాకా మొగలిదిబ్బ కదా?"

"మీరన్నారు, నానన్లేదు," అంది అమ్మ చుట్టూ చూసి.

"పాచిపోయినవి తెచ్చినట్టుంది, ఊరు పేరు కూడా చెప్పట్లేదు," అని లోపల ఎవరితోనో అంటూ ఆవిడ కిటికీ వేసేసింది. ఆరోజు గంపలో కవళ్ళ చేపలు సగం తిరిగి వచ్చాయి. వాటిని ఉప్పేసి ఎండబెట్టాం. ఆ వారమంతా మా పాక ముందు ఎండు చేపలే.

ఆ తరవాత మెయిన్ రోడ్డు మీద మా ఊరి బోర్డు పీకేశారు. స్కూలు గోడ మీద పేరుకి సున్నం వేశారు. బస్సు ముందు బోర్డు మీద అక్షరాలు చెరిపేశారు. కండక్టరు టిక్కెట్టు కొట్టేటప్పుడు, "ఎక్కడికి?" అంటాడు. మేము, "అక్కడికే," అంటాం. ఒకరోజు బట్టల మూట పెట్టుకున్న ముసలాయన కూడా అక్కడికే అన్నాడు. తీరా ఆఖరి స్టాపులో దిగి, సముద్రం చూసి, "నాను సంతకెల్లాలి గదమ్మా," అని మా అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. నాన్నమ్మ ఆయనకి గంజి ఇచ్చింది.

రెండో సర్వేలో యాభై ఎనిమిదిమంది తెలుసన్నారు.

విరూపాక్షరావు గారు తల పట్టుకున్నారు. లోతుగా పరిశీలిస్తే తేలిందేమిటంటే, మొదటి సర్వేలో తెలియదన్న వాళ్ళలో చాలామందికి ఆ సర్వే వల్లే మా ఊరి పేరు తెలిసింది. వాళ్ళు ఇంటికెళ్ళి, మొగలిదిబ్బ అనే ఊరుందిట, దాని గురించి అధికారులు అడుగుతున్నారు అని పదిమందికీ చెప్పారు.

అంచేత మూడో సర్వేలో ఊరి పేరు చెప్పకుండా అడగాలని ఉత్తర్వు వచ్చింది. బస్టాండులో వందమందిని ఆపి, "మీకు ఒక ఊరు తెలుసా?" అని అడిగారు.

వందకి వందమందీ తెలుసన్నారు.

ఆ రోజుతో పరిస్థితి చేయి దాటింది. ప్రాజెక్టు ఆఫీసు నుంచి అన్ని ఆఫీసులకీ సర్క్యులర్ వెళ్ళింది. సదరు గ్రామము పేరును ఇకమీదట ఏ ప్రభుత్వ పత్రము నందును వ్రాయరాదు అని. సర్క్యులర్‌లో కూడా పేరు రాయలేదు. మా వీఆర్వో త్రినాథ్ గారు అది ఏ ఊరో కనుక్కోవడానికి రెండు రోజులు తిరిగారట.

ఈ సర్క్యులర్ వచ్చిన మర్నాడే నేను నివాస ధ్రువపత్రం కోసం మండల ఆఫీసుకి వెళ్ళాను.

నాకు ఆఫీసుల్లో, నలుగురి ముందు నోరు పెగలదు. అందుకని చెప్పవలసిందంతా ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళి త్రినాథ్ గారికి ఇచ్చాను. ఆయనకి మేం కొత్త కాదు. మా ఇంట్లో చాలాసార్లు భోంచేశారు.

"సూరాడ హేమావతి, తండ్రి రాజులు. బాగుంది. ఊరు..." అని కలం ఆపేశారు. "ఊరు రాయకూడదమ్మా."

నేను నిలబడే ఉన్నాను.

"నువ్వు ఎక్కడుంటావో నాకు తెలుసు. నాకు తెలుసన్నది కూడా తెలియనట్టే ఉండాలి. ఈ ఏడాదికి ఏదైనా పక్క ఊళ్ళో ఉన్నట్టు రాసేదా?"

తల అడ్డంగా ఊపాను. పక్క ఊరు రైతుల ఊరు. మత్స్యకార గ్రామం కాదు. సీటు రాదు.

ఆయన నన్ను ప్రాజెక్టు ఆఫీసుకి పంపించారు. విరూపాక్షరావు గారు నా కాగితం మొత్తం చదివి, నిజంగానే బాధపడ్డారు. ఆయన చెడ్డవారు కారు. నాకు కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించారు.

"విద్యార్థినుల భవిష్యత్తుకు ప్రాజెక్టు అడ్డుకాదమ్మా. నిబంధనలకు లోబడి ఎంతవరకు ధ్రువీకరింపవచ్చునో అంతవరకు ధ్రువీకరించెదము," అని తనే కూర్చుని రాసి, గుండ్రటి ముద్ర వేసి ఇచ్చారు.

'కుమారి సూరాడ హేమావతి నివసించుచున్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.'

అది పట్టుకుని అమ్మా నేనూ రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్ళాం. గుమస్తా గారు కళ్ళద్దాలు పైకి తోసి చదివారు.

"నివసిస్తోందని నాకూ కనిపిస్తూనే ఉంది. ఎక్కడ?"

అమ్మ నోరు తెరిచి, మూసేసింది. నేను నేల చూశాను.

"ఊరు లేని పిల్లకి మత్స్యకార గ్రామం సీటు ఎలా ఇస్తానమ్మా? ఇరవై అయిదు వరకూ టైముంది. సరైనది తెండి," అని కాగితం వెనక్కి ఇచ్చేశారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ ఒక్క మాటే అంది. "సెప్పీవోల్సిందే గుంటా నాను. కుళాయి పోతే పోయింది." నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ విప్పాను.

అదే వారం మొదటి పర్యాటకురాలు వచ్చారు. కాత్యాయని గారని, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. బస్సు ఎక్కకుండా మెయిన్ రోడ్డు నుంచి ఆరు కిలోమీటర్లూ నడిచే వచ్చారు. మా ఇంట్లోనే ఏడు రోజులున్నారు. కవళ్ళ పులుసు తిన్నారు, నాన్నమ్మ దగ్గర వల కుట్టడం నేర్చుకున్నారు, నాతో కలిసి నీళ్ళు మోశారు. మధ్యాహ్నాలు మొగలి పొదల నీడలో పడుకునేవారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మాకు బాగానే ఉంది.

ఆవిడ మెడలో ఒక పాసు వేలాడేది. దాని మీద బంగారు రంగు అక్షరాలతో మొగలిదిబ్బ అని ఉంది. పర్యాటకులకి ఊరి పేరు తెలియవచ్చునట. రాయవచ్చునట, పలకవచ్చునట. వాళ్ళది 'అనుమతి పొందిన ఎరుక' కిందికి వస్తుంది. సర్వే లెక్కలోకి రాదు.

వెళ్ళే రోజున విరూపాక్షరావు గారు ఆవిడకి తాటాకు టోపీ పెట్టి, ఒక పత్రం ఇచ్చారు. ఆవిడ దాన్ని చూడమని నా చేతికిచ్చారు.

'శ్రీమతి కాత్యాయని గారు మొగలిదిబ్బ గ్రామము నందు ఏడు దినములు నెమ్మదిగా నివసించిరని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.'

అదే ముద్ర. అదే సంతకం. ఏడు రోజులకి ఆవిడ నివసించిన ఊరికి పేరుంది. నాకు పదిహేనేళ్ళ ఎనిమిది నెలలకి లేదు.

పత్రం ఆవిడకి ఇచ్చేశాను. వెళ్ళి జీపులో ఉన్న పర్యాటకుల ఖాళీ ఫారాల కట్టలోంచి ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

ఫారంలో నిజం తప్ప ఏమీ రాయలేదు.

గ్రామమునకు వచ్చిన విధము: పుట్టుక. ప్రయాణమునకు పట్టిన కాలము: తొమ్మిది నెలలు. వచ్చిన వాహనము: అమ్మ. మార్గమధ్యమున వెలువడిన పొగ: లేదు. బస: పదిహేను సంవత్సరముల ఎనిమిది నెలలు. బస చేసిన ఇల్లు: మాదే. తిరుగు ప్రయాణము: జూన్ ఇరవై అయిదు, కాలేజీకి.

మర్నాడే విరూపాక్షరావు గారు విచారణకి వచ్చారు. ఫారం రెండు చేతులా పట్టుకుని చదివారు.

"తొమ్మిది నెలల ప్రయాణము! ఇంతవరకు మన ప్రాజెక్టు మొత్తమునకు రికార్డు మూడు రోజులు. వేరొక తీరమునకు ఎడ్లబండి మీద దంపతులు వచ్చిరి. దానమ్మ గారూ, ఈమె నెమ్మదిగానే వచ్చినదా?"

"నెమ్మదా బాబూ? రెండు పగళ్ళు, రెండు రేత్రులు నొప్పులు పడ్డాను. బయట తుపాను. మా అత్త ఎంత పిలిసినా రాదే ఇది!"

"దారిలో చెత్త ఏమైనా..."

"అదంతా నానే ఎత్తినాను," అంది నాన్నమ్మ.

ఆయన అక్కడికక్కడే నాకు తాటాకు టోపీ పెట్టి, పాసు వేసి, 'మందతమ పర్యాటకురాలు' అని ప్రత్యేక పత్రం ఇచ్చారు. అందులో మొగలిదిబ్బ అని స్పష్టంగా ఉంది. రాష్ట్రంలోనే ఇంత నెమ్మదైన మనిషి లేదని పై ఆఫీసుకి రాస్తానన్నారు.

ఇరవయ్యో తేదీన మళ్ళీ కాలేజీకి వెళ్ళాం. గుమస్తా గారు పత్రాన్ని రెండు వైపులా తిప్పి చూశారు.

"ఊరు పేరు ఉంది. మత్స్యకార గ్రామమే. ముద్ర ఉంది. అంతా బాగుంది." కలం తీశారు. మళ్ళీ పెట్టేశారు. "కానీ నువ్వు పర్యాటకురాలివమ్మా. ఈ సీటు ఆ ఊరి వాళ్ళకి. చూడ్డానికి వెళ్ళిన వాళ్ళకి కాదు."

ఇంకా అయిదు రోజులున్నాయి.

మేము ఊళ్ళోకి తిరిగి వచ్చేసరికి స్కూలు దగ్గర పెద్ద వరస ఉంది. పర్యాటకులైతే ఊరి పేరు పలకవచ్చునని అందరికీ తెలిసింది. చేపలమ్మే ఆడవాళ్ళందరూ ముందు నిలబడ్డారు. అమ్మ గంప కింద పెట్టి వరసలో దూరింది. అమ్మ కోడలిగా నడిచి వచ్చింది కాబట్టి ద్వితీయ శ్రేణిలో పెట్టారు. నాన్నమ్మకి డెబ్భై నాలుగేళ్ళ బస. ఆమె పాసు వెనక ఒక నక్షత్రం వేశారు. రెండు రోజుల్లో ఊరు మొత్తం నాలుగు వందల పన్నెండు మంది పర్యాటకులం అయిపోయాం. వేటకి వెళ్ళినవాళ్ళు కూడా తాటాకు టోపీలతోనే పడవ దిగారు. టౌనులో అమ్మ మళ్ళీ గొంతెత్తి, "మొగలిదిబ్బోయ్!" అంటోంది, ఆపినవాళ్ళకి మెడలో పాసు చూపిస్తోంది.

పర్యాటకులకి ఒక ఫిర్యాదుల పుస్తకం కూడా ఉంది. స్కూలు వరండాలో తాడుకి వేలాడుతుంటుంది. పాసు చేతికొచ్చిన సాయంత్రమే నాన్నమ్మ నన్ను పిలిచి రాయించింది.

"రాయే. నాను మొగలిదిబ్బ సూడ్డానికి వొచ్చినాను. డెబ్భై నాలుగేళ్ళై సూస్తన్నాను. సముద్రం బాగున్నాది. గాలి బాగున్నాది. తాగడానికి నీళ్ళు లేవు. ఇలగైతే మల్లీ రాను."

కింద వేలిముద్ర వేసింది.

పర్యాటకుల ఫిర్యాదుకి నలభై ఎనిమిది గంటల్లో జవాబు ఇవ్వాలని నిబంధన. నలభై గంటలకే ట్యాంకరు వచ్చింది. మూడోనాటికి పైపులు దింపి, స్కూలు దగ్గర కుళాయి బిగించారు. ఇరవై ఏళ్ళుగా గ్రామస్థులుగా పెట్టిన అర్జీలన్నీ ఎక్కడున్నాయో మాకు తెలియదు. పర్యాటకురాలి వేలిముద్ర ఒక్కటి చాలింది. ఊరంతా వెళ్ళి కుళాయి తిప్పి చూసి, ఇక జన్మలో గ్రామస్థులుగా ఉండకూడదని తీర్మానించుకున్నారు.

నేనూ తిప్పి చూశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ రోజు ఇరవై మూడు. రొయ్యల షెడ్డు మేస్త్రీ వచ్చి, సోమవారం నుంచి వ్యానులో నాకు చోటుందని అమ్మతో చెప్పి వెళ్ళాడు.

ఇరవై నాలుగో తేదీ పొద్దున్నే జీపు మళ్ళీ ఇసుకలో దిగబడింది. ఈసారి విరూపాక్షరావు గారు బూట్లు విప్పకుండానే పరుగెత్తుకొచ్చారు. వెనకాల త్రినాథ్ గారు స్టాంపు ప్యాడు పట్టుకుని పరుగు. ఊరందరినీ స్కూలు దగ్గరకి పిలిచారు. అందరం టోపీలు పెట్టుకుని వెళ్ళాం.

"పై కార్యాలయము నుండి అభినందన వచ్చినది," అన్నారు విరూపాక్షరావు గారు ఆయాసపడుతూ. "నాలుగు వందల పన్నెండుగురు పర్యాటకులు, సగటు బస ముప్పై ఆరు సంవత్సరములు. దేశములో ఎక్కడా లేదు. అయితే..." జేబులోంచి కాగితం తీశారు. "ఏడవ గడి. పర్యాటకము వలన లబ్ధిపొందిన స్థానికుల సంఖ్య. మన నివేదికలో సున్న ఉన్నది. స్థానికులే లేనిచోట పర్యాటకము ఎట్లు జరుగుచున్నదని అడుగుచున్నారు. సాయంత్రములోగా కనీసము ఒక్క స్థానికుని ధ్రువపత్రముతో సహా చూపవలెను. మీలో ఈ ఊరివారు ఎవరైనా ఉన్నారా?"

అందరూ టోపీలు సరిచేసుకున్నారు.

"అయ్యా, మీరు?" అని ముందున్న పెద్దాయన్ని అడిగారు.

"నానా? నాను సూడ్డానికొచ్చినాను బాబూ. అరవై రెండేళ్ళైంది."

"అమ్మా, మీరు?"

"నా పాసు సూడండి," అంది అమ్మ. "ఊరిదాన్నంతే మల్లీ నోరు మూసుకోమంతారు."

"గురమ్మ గారూ, మీరు పుట్టి పెరిగిన..."

"నీళ్ళాపేస్తారా ఏటి బావూ? నాను పర్యాటకురాల్ని. ఎండన పడి ఇంత దూరం వొచ్చిన మనిసిని ఇలగ నిలబెట్టి అడుగుతారా? పుస్తకం ఎక్కడే హేమా?"

విరూపాక్షరావు గారు రెండు అడుగులు వెనక్కి వేశారు. త్రినాథ్ గారి వైపు చూశారు. త్రినాథ్ గారు ఆకాశం వైపు చూశారు.

అంతమందిలో నేను ఎప్పుడూ నోరు విప్పలేదు. చెయ్యి మాత్రం ఎత్తాను. ఎవరూ చూడలేదు. అప్పుడు అనక తప్పలేదు.

"నేనుంటానండి."

"ఏమంటిరి?"

"ఈ ఊరిదానిగా. నేనుంటానండి. కానీ కాగితం మీద రాసివ్వాలి. ఊరి పేరుతో."

"పేరు లేకుండా ఎట్లు ఇచ్చెదమమ్మా! ఏ ఊరి స్థానికురాలో పైవారికి తెలియవద్దా? త్రినాథ్, పెద్ద అక్షరములతో వ్రాయుము!"

త్రినాథ్ గారు జీపు బానెట్టు మీద కాగితం పెట్టి రాశారు. తహసీల్దారు మేడం సంతకం ముందే చేయించుకొచ్చారు. సూరాడ హేమావతి, తండ్రి రాజులు, మొగలిదిబ్బ గ్రామ శాశ్వత నివాసి, స్థానికురాలు. ఎండకి సిరా వెంటనే ఆరిపోయింది.

"నాకో కాపీ ఇస్తారాండీ?"

"ఒకటేల? నాలుగు తీసుకొనుము తల్లీ! ప్రాజెక్టును నిలబెట్టితివి."

నా టోపీ, పాసు వెనక్కి తీసుకున్నారు. రిజిస్టరులో పర్యాటకుల సంఖ్య ఒకటి తగ్గించారు. స్థానికుల గడిలో ఒకటి వేశారు. ఆ తరవాత స్థానికుల విధులు చదివి వినిపించారు. స్థానికురాలు పర్యాటకులను చిరునవ్వుతో ఆహ్వానించవలెను. స్థానిక వంటకములు వండి పెట్టవలెను. స్థానిక సంస్కృతిని ప్రదర్శించవలెను. మా వీధిలో ఆరోజంతా అదే వేళాకోళం. సాయంత్రం నాన్నమ్మ పీట వేసుకుని కూర్చుని, "ఓలి స్థానికురాలా! పర్యాటకులం ఆకలితో ఉన్నాం. వొడ్డించు," అంది. అమ్మ తాటాకు టోపీ పెట్టుకునే అన్నం తిని, "సంస్కృతేటీ సూపించవేటే?" అంది. నవ్వుతూనే లేచి, నా ట్రంకు పెట్టె సర్దడానికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు ఇరవై అయిదు. పది గంటల బస్సుకి ఊరంతా నాతో వచ్చింది. అమ్మ కాలేజీ దాకా వస్తానంది. వద్దన్నాను. చేపలు పాడవుతాయి. అమ్మ నాలుగు పత్రాలూ ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరు నా జాకెట్లో దోపి, పైన పిన్నీసు పెట్టింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. పెట్టె పైకి ఎక్కించారు.

బస్సు కదలబోతుండగా జీపు వచ్చి అడ్డంగా ఆగింది. విరూపాక్షరావు గారు దిగి కిటికీ దగ్గరకి వచ్చారు. చేతిలో పై ఆఫీసు ఉత్తరం ఉంది. ఒక్క స్థానికురాలితో ఇంత పెద్ద పర్యాటకం నడుస్తున్నందుకు ఆయనకి మెచ్చుకోలు వచ్చిందట. వచ్చేవారం చూడ్డానికి పెద్దలు వస్తున్నారట.

ఆయన నా పెట్టె చూశారు, నన్ను చూశారు. ముఖం పాలిపోయింది.

"ఎక్కడికమ్మా?"

"కాలేజీకండి."

"ఎప్పుడు వచ్చెదవు?"

"దసరా సెలవులకండి. పదిరోజులుంటాను."

"పదిరోజులా? అప్పుడు నీవును పర్యాటకురాలివే అగుదువు," అని కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకున్నారు. "మీరు ఆలోచింపవలెను తల్లీ. స్థానికులందరూ ఇట్లు ఒక్కసారిగా వెళ్ళిపోయినచో ఈ ఊరు ఏమి కావలెను?"

కండక్టరు ఈల వేశాడు. ఆయన చేతులు ఊచల మీద నుంచి జారిపోయాయి.

వెనక్కి తిరిగి చూశాను. నాలుగు వందల పదకొండు మంది పర్యాటకులు ఇసుకలో నిలబడి, తాటాకు టోపీలు తీసి నాకు ఊపుతున్నారు.